మిరపకాయల చేతులతో ముఖానికి మాస్కు

"ఆ గొట్టం నా సంచీలో పడెయ్. నీ ఇంట్లో ఉంటే మళ్ళీ పూసుకుంటావు నువ్వు."

"తీసుకుపో వదినా. దాని పీడ వదిలిద్ది."

మా ఆడబిడ్డ శేషమ్మా నేనూ చివరిసారి అనుకున్న మాటలివి. చివరిసారి అన్నానని కంగారుపడకండి, మనిషి రాయిలా ఉంది. పోయిన వారం మా ఇంటికి వచ్చి, నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి చాచి నా చేతిలోని గొట్టం లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ గొట్టంలో ఉన్నది ముఖానికి పూసుకునే నల్ల మాస్కు. దాన్ని పూసుకుని నేను పడిన పాట్లు వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. ఆ రోజు నేను మాత్రం నవ్వలేదు. నవ్వుదామన్నా నా బుగ్గలు కదిలే స్థితిలో లేవు.

నా పేరు కోటమ్మ. నేను చెబుతుంటే రాస్తున్నది మా తమ్ముడి కూతురు రాధ. నాకు సంతకం వరకే వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేలోగా బస్సు వెళ్ళిపోతుంది. రాధ మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆ గొట్టం కొన్న మహాతల్లి కూడా ఇదే. రాధా, ఈ ముక్క మింగెయ్యకుండా రాయి.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మిరపకాయల కాలంలో తొడిమలు తీసే పనికి వెళ్తాను. నాకు పిల్లల్లేరు గానీ మా ఇల్లు ఎప్పుడూ ఆడపిల్లల హాస్టలే. రాధకు ముందు శేషమ్మ కొడుకు కూతురు లావణ్య నా దగ్గరే ఉండి చదువుకుంది. నా చేతి ముద్ద తిని, నా పక్కలో పడుకుని, నిద్రలో నన్ను తన్ని పెరిగిన పిల్ల. దానికి పెళ్ళి కుదిరింది.

పెళ్ళికి నేను వెళ్ళడం పెద్ద సంగతేమీ కాదు. మా వైపు భర్త పోయిన ఆడది పెళ్ళిళ్ళకు వెళ్తుంది, వంటల దగ్గర నిలబడుతుంది, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుంటుంది. పెళ్ళికూతుర్ని చేసే పూట మాత్రం తలుపు చాటుకు వెళ్ళిపోతుంది. పసుపు ముట్టదు, ఫొటోలో పడదు. చాటున నిలబడటంలో నేను ఎంత ఆరితేరానంటే, మా వాళ్ళ పెళ్ళి ఆల్బములన్నీ తిరగేస్తే నా మోచెయ్యి ఒకదాంట్లో, చీర చెంగు ఒకదాంట్లో, సగం చెవి ఒకదాంట్లో దొరుకుతాయి. అన్నీ ఏరి కలిపి కుట్టుకుంటే ఒక మనిషినవుతాను.

అలాంటిది లావణ్య ఫోన్ చేసి, "నన్ను పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు నువ్వు నా పక్కన ఉండాలమ్మమ్మా. నీతో ఫొటో దిగందే పీట మీద కూర్చోను, చెబుతున్నా," అని పట్టుబట్టింది.

శేషమ్మ దీనికి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మా ఆయన పెద్దకర్మ నాడు "ఇంక మొకానికి పసుపు రాయబాక కోటమ్మా," అని నాకు చెప్పింది ఆమే. ఏడుస్తూనే చెప్పింది పాపం. ఎవరో ఒకరు చెప్పాలి, పెద్దది కాబట్టి ఆమె నోటికి వచ్చింది. ఇప్పుడు అదే నోరు పలక్కుండా ఉందంటే, నేను దాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టేశాను.

ఇక మిగిలిన బాధల్లా నా ముక్కు.

ఫొటో అనగానే అద్దం ముందుకు వెళ్ళాను. ఎన్నాళ్ళుగా తేరిపార చూసుకోలేదో ఏమో, ముక్కు నిండా నల్లటి చుక్కలు, ఉప్మాలో ఆవాలు ఎక్కువైనట్టు. రోజూ పసుపు పెట్టి రుద్దుకునే కాలంలో ఇవి లేవు. రాధను పిలిచి చూపిస్తే, వాటిని బ్లాక్‌హెడ్స్ అంటారత్తా అంది. ఇంగ్లీషు పేరు తగిలించేసరికి నాకు పెద్ద జబ్బే వచ్చినట్టయింది. పసుపు రాసుకోవడానికి లేదు. మరి ఇంకేమన్నా రాసుకుంటే ఎవరు కాదంటారు? ఈ తెలివి నాదే. ఇందులో రాధ తప్పు లేదు.

అది ఫ్యాన్సీ కొట్టుకు వెళ్ళి, అన్నిటికంటే చవకదని ఒక గొట్టం కొనుక్కొచ్చింది. మూత తిప్పి నొక్కితే లోపల అచ్చంగా రోడ్డుకు పోసే తారు. గొట్టం మీద చీమ తలకాయలంత అక్షరాలు. నాకు చదవడం రాదు, రాధకు వచ్చినా చదవలేదు.

"ముక్కు మీద వరకు పల్చగా రాసి, ఆరినాక ఊడపీకటమే అత్తా. కొంచెం చురుక్కుమంటది. అట్టా అంటే పని చేస్తన్నట్టు," అంది.

ఆ ఆఖరి మాటే నా కొంప ముంచింది.

పెళ్ళికూతుర్ని చేయడానికి ముందు రోజు శేషమ్మ పేటకు వచ్చి, బజారు పని చూసుకుని, రాత్రికి మా ఇంట్లో పడుకుని, తెల్లవారుజామున మమ్మల్ని వెంటబెట్టుకుని మాచర్ల వెళ్ళాలని ఏర్పాటు. ఆ రోజు కూడా నేను పని మానలేదు. సాయంత్రం దాకా ఎండుమిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీసి, ఇంటికొచ్చి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

ఇక్కడ చదివేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మిరపకాయ కారం సబ్బుకు పోదు. ముందు నూనె పట్టించి రుద్దాలి, ఆ తర్వాతే సబ్బు. మా పనిలో కొత్తగా చేరిన పిల్లలందరికీ ఈ పాఠం చెప్పే పంతులమ్మను నేనే. కళ్ళు నలుపుకోబాకండే అని రోజంతా అరుస్తూనే ఉంటాను. కానీ ఏళ్ళ తరబడి అదే పని చేసి నా చేతులు మొద్దుబారిపోయాయి, వాటికి కారం తెలియదు. చేతులు ఊరుకున్నాయి కదా అని నేనూ మరిచిపోయాను. అవతల శేషమ్మ వచ్చే వేళయింది. రాధ కాలేజీ నుంచి రావడానికి ఇంకా టైముంది. గొట్టం నొక్కాను.

ముందు ముక్కుకే పూశాను. అద్దంలో చూస్తే ఇల్లంతా వదిలేసి ఒక్క గోడకు రంగు వేసినట్టుంది. సరేలెమ్మని బుగ్గలకు పూశాను. గడ్డానికి పూశాను. ఇంకా మిగిలింది, ఎండిపోతుందని నుదుటికీ, ఆ ఊపులో కనుబొమలకూ పూశాను. పల్చగా అని రాధ చెప్పింది గానీ, పల్చగా పూయడం నా చేతికి రాదు. మట్టిగోడకు అలుకు పూసినట్టు పూసి, ఫ్యాను కింద కూర్చున్నాను.

కాసేపటికి చురుక్కుమంది. ఆహా, మొదలుపెట్టింది అనుకున్నాను.

ఇంకాసేపటికి మండింది. చవకదైనా పిల్ల మంచిదే తెచ్చిందని మెచ్చుకున్నాను.

ఆ తర్వాత ముఖం పెనం మీద పెట్టినట్టయింది. ఒక్కో చుక్కా వేళ్ళతో సహా లేచిపోతోందని పళ్ళు బిగించి కూర్చున్నాను. ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, నేను మాత్రం లేవలేదు. తపస్సు చేసేవాళ్ళు అంత కదలకుండా కూర్చున్నారో లేదో నాకు తెలియదు.

అప్పుడు శేషమ్మ రెండు సంచులతో తలుపు తోసుకుని వచ్చింది. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎవురమ్మా నువ్వు? కోటమ్మ లేదా?"

పెదవులు కదిపితే మాస్కు పగిలిపోతుందని భయం. పళ్ళ సందుల్లోంచి చెప్పాను. "నేనే వదినా."

"నువ్వేందే ఇట్టా అయ్యావు?"

"అందానికి వదినా."

"అందమా, ఇదా?" సంచులు దించకుండానే నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "మరి కళ్ళెంబడి ఆ నీళ్ళేంది?"

"పని చేస్తంది."

ఇక ఆగలేక గడ్డం దగ్గర గోటితో పట్టుకుని లాగాను. అమ్మా. నా గడ్డానికి వెంట్రుకలున్నాయన్న సంగతి అవి ఊడుతున్నప్పుడే తెలిసింది. బుగ్గ సగం వచ్చింది. నుదుటి దగ్గర లాగితే ఎడమ కనుబొమలో సగం మాస్కుతో పాటు లేచి వచ్చింది. ఊడిన చోటల్లా ఎర్రగా నిప్పు, ఊడని చోటల్లా నల్లగా బొగ్గు. ఆ అవతారాన్ని చూసి శేషమ్మ మొదటిసారి సంచులు కింద పెట్టింది.

ఇంతలో రాధ వచ్చింది. అరవలేదు. తెలివైన పిల్ల కదా, వేణ్ణీళ్ళతో కడిగితే కరిగిపోతుందని గబగబా నీళ్ళు కాచింది. మాస్కు కరిగింది, నిజమే. కారానికి వేణ్ణీళ్ళు తగిలితే ఏమవుతుందో ఆ పిల్ల చదివే డిగ్రీలో చెప్పినట్టు లేరు. నేను పెరట్లో గిరగిరా తిరుగుతుంటే పక్కింటి దూడ కట్టు తెంపుకుంది.

శేషమ్మ నన్ను పట్టుకుని ఆపి, నా చెయ్యి లాక్కుని వాసన చూసింది. ఆమె కూడా ఒకప్పుడు తొడిమలు తీసిన మనిషే.

"మిరపకాయల చేతులతో పూశావా?"

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"రోజంతా ఊరికి పాఠాలు చెప్పుద్ది," అని రాధతో అని, గిన్నె నిండా పెరుగు తెమ్మంది. పెరుగు వచ్చింది. తర్వాత ఆమె చేసిన పని చూసి నా మంట నాకు ఒక్క క్షణం తెలియలేదు. సంచిలోంచి పసుపు పొట్లం తీసి విప్పింది. మర్నాడు లావణ్యకు పూయడానికి, అప్పుడే బజారులో కొన్న పసుపు. గుప్పెడు తీసి పెరుగులో కలిపింది.

"వదినా, అది పెళ్ళి పసుపు," అన్నాను.

"తెలుసు."

"నా మొకానికి వద్దన్నది నువ్వే."

కలిపే చెయ్యి ఆగింది. మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.

"అన్నాలే. అప్పుడు అన్నా. మొకం ఇటు తిప్పు," అంది.

నుదుటి నుంచి గడ్డం దాకా తనే పూసింది. చల్లగా దిగింది. నా కళ్ళు ఇంకా కారుతున్నాయి. కారం వల్ల అని మేమిద్దరం అనుకున్నాం. రాధా, ముక్కు ఎగబీల్చడం ఆపి రాయి.

తెల్లవారి మాచర్లలో దిగేసరికి మంట తగ్గింది గానీ, రాత్రంతా నానిన పసుపు ఎన్ని నీళ్ళు పోసినా వదల్లేదు. నిమ్మపండులా ఉన్నాను. ఊడిన కనుబొమను రాధ బస్సులోనే పెన్సిలుతో గీసింది. బస్సు కుదుపుకు అది జుట్టు దాకా వెళ్ళింది. ఆ ముఖంతో జనంలోకి పోలేక, అలవాటైన తలుపు చాటుకు సర్దుకోబోయాను. శేషమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చి లావణ్య పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. పసుపు పళ్ళెం పట్టుకున్న ముత్తైదువలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకామె, ఈమె ముఖాన పసుపేమిటని నెమ్మదిగానే అడిగింది.

"నేనే పూశా. పొట్లం విప్పింది ఆమె కోసమే. మిగిలింది పిల్లకు పూయండి," అంది శేషమ్మ.

అడిగినామె పళ్ళెం తెచ్చి లావణ్య ముందు పెట్టింది. లావణ్య నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఫొటోగ్రాఫరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెళ్ళికూతురు కొంచెం ఇటు జరగండి అంటూ నన్ను జరిపాడు.

పోయిన వారం శేషమ్మ వచ్చింది ఆ ఆల్బము చూపించడానికే. మోచెయ్యి కాదు, చెవి కాదు, నేను మొత్తంగా పడ్డాను. ముఖం పసుపుపచ్చగా మెరిసిపోతోంది, ఒక కనుబొమ మాత్రం ఏదో వింత చూసినట్టు పైకి లేచి ఉంది. దగ్గరగా పెట్టుకుని చూశాను. ముక్కు మీద నల్ల చుక్కలు ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. పచ్చటి ముక్కు మీద ఇంకా స్పష్టంగా, పులిహోరలో ఆవాల్లా కనబడుతున్నాయి.

అప్పుడే శేషమ్మ కిటికీలో ఉన్న గొట్టం చూసింది. అడుగున కొంచెం మిగిలితే పారెయ్యబుద్ధి కాక దాచాను. దాన్ని బస్టాండు దాకా నా చేతనే మోయించి, మొదట్లో చెప్పానే, అలా లాక్కుని పోయింది. నా మేలు కోరి అనుకున్నాను.

నిన్న లావణ్య రాధ ఫోనుకు ఒక ఫొటో పంపింది. మా శేషమ్మ. ముక్కు నల్లగా, కళ్ళు ఎర్రగా, నీళ్ళు ధారగా. ఆ పొద్దున నాయనమ్మ పండుమిరపకాయల పచ్చడి తొక్కిందట.

కాబట్టి కోటప్పకొండ సాక్షిగా, మిగిలిన సగం కనుబొమ మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. ఇక నా ముఖాన నల్లటిది ఏదీ పూయను. పూసినా ముక్కు దాటను. దాటినా ముందు చేతులకు నూనె రాసుకుంటాను. ఇంతకంటే గట్టి ఒట్టు నా వల్ల కాదు.

ఏదీ రాధా, ఇప్పుడు మొదటి నుంచీ చదివి వినిపించు. నీ మీద చెప్పినవి ఎగ్గొట్టావో, నాకు తెలిసిపోతుంది. ఆ పసుపు పొట్లం విప్పిన దగ్గర మాత్రం గబగబా పోకు. అక్కడ రెండుసార్లు చదువు.