నిద్రాకు వెనక ముళ్ళు

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మన పెద్దకోడలి సంగతి ఇంకా అన్యాయం. ఆవిణ్ణి అత్త ఏనాడూ కొట్టలేదు, తోడికోడలు చూసి ఏనాడూ నవ్వలేదు. తోడికోడలు ఊరికే నవ్వేది. వచ్చినవాళ్ళందరితోనూ నవ్వేది. అదే ఈవిడ ఏడుపు.

వాళ్ళది మూలికల కొట్టు. రెండు మేడల మధ్య ఇరుక్కున్న పొడవాటి గది. ముందు ఓ బల్ల, బల్ల మీద తక్కెడ, వెనక గోడ పొడుగునా గాజు సీసాలు. ఇంకా లోపలికి వెళితే వంటిల్లు, పైకెక్కితే ఆకులు ఆరబోసుకునే డాబా. దగ్గుకీ పడిశానికీ కడుపునొప్పికీ సగం వీధి అక్కడికే వచ్చేది. అయితే కొట్టుకి పేరు తెచ్చింది మాత్రం అత్తగారి నిద్రమందు.

ఆ మందు ఓ పిచ్చిమొక్కతో చేసేవాళ్ళు. హోటళ్ళలో పచ్చిగా తరిగి పెడతారే లెట్యూస్ ఆకు, దానికి అడవి చుట్టం అది. రైలు పట్టాల వెంట, పాడుబడ్డ గోడల పక్కన మనిషెత్తు పెరుగుతుంది. దాన్ని పట్టించుకునే నాథుడుండడు. కాడ గిల్లితే పాలు కారతాయి. తెల్లగా వచ్చిన పాలు కాసేపటికి గోధుమరంగుకి తిరిగి వేళ్ళకి జిగురులా పట్టుకుంటాయి. నిద్రంతా ఆ పాలలోనే ఉందని అత్తగారి నమ్మకం. ఇంట్లో దాన్ని నిద్రాకు అనేవాళ్ళు.

చిక్కల్లా ఏమిటంటే, అచ్చం దానిలాంటిదే ఇంకో మొక్క దాని పక్కనే మొలుస్తుంది. అవే పసుప్పచ్చ పూలు, గిల్లితే అవే పాలు. దాన్ని కూర వండుకోవచ్చు, కుందేళ్ళకి వెయ్యొచ్చు, నిద్ర మాత్రం చచ్చినా రాదు. తేడా తెలియాలంటే ఆకు తిప్పి, వెనక నడిమి ఈనె మీద బొటనవేలు నడపాలి. నిద్రాకైతే ఆ ఈనె వెంట వరసగా ముళ్ళుంటాయి. రెండోదైతే నున్నగా జారిపోతుంది.

"ముందు చూసి మోసపోకు పెద్దమ్మాయ్. వెనక చూడు," అని పెద్దకోడలు కాపరానికి వచ్చిన కొత్తలోనే నేర్పింది అత్తగారు. నేర్చుకుంది. బొటనవేలు కాయ కాసేదాకా నేర్చుకుంది. మొక్క నిలువునా లేచి ఇంకా పూవు విప్పకముందే కొయ్యాలి. నీడన ఆరబెట్టాలి. గలగలమనేలా ఎండాక నలిపి, నీళ్ళలో వేసి సన్నసెగ మీద పెట్టాలి. ఆవిరి రావాలి గానీ బుడగ లేవకూడదు. మరిగిందా, మందు పోయినట్టే. వడకట్టిన కషాయాన్ని మళ్ళీ పొయ్యెక్కించి నల్లటి పాకం అయ్యేదాకా కలియబెడుతూ కూర్చోవాలి. విషం కూడా అంత చేదుండదేమో. ఇవ్వడంలోనూ అత్తగారికి పట్టింపే. పిల్లలకివ్వదు, కడుపుతో ఉన్నవాళ్ళకివ్వదు, బండి నడిపేవాళ్ళకి అసలే ఇవ్వదు. మొదటిసారి తాగినవాళ్ళని మర్నాడు పిలిపించి కళ్ళు చూసేది.

ఇన్నేళ్ళలో పెద్దకోడలు ఒక్క ఆకు తప్పు కొయ్యలేదు. పాకం ఒక్కసారి మాడ్చలేదు. అందుకామెని ఎవరైనా మెచ్చుకున్నారా? లేదు. పని తెలిసినవాళ్ళని ఎవరు మెచ్చుకుంటారు? పనవుతూ ఉంటుంది, అంతే.

అప్పుడొచ్చింది చిన్నకోడలు. పనిలో సోమరి కాదు గానీ నోరు ఊరుకునేది కాదు. వచ్చినవాళ్ళని బల్ల దగ్గర నిలబెట్టేది కాదు, స్టూలు వేసి కూర్చోబెట్టేది. మోకాళ్ళనొప్పికి వచ్చినావిడని కూతురి కాన్పు దాకా అడిగేది. పొట్లం కడుతూ కడుతూ ఏదో అనేది, వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. రెండు నెలలు తిరక్కుండా వీధిలో ఓ మాట పుట్టింది: "చిన్నావిడ హస్తవాసి మంచిది."

హస్తవాసి. ఆ మాట పెద్దకోడలి చెవిలో పడ్డ రోజు ఆవిడ అన్నం సగంలో వదిలేసింది. ఆకు కోసేది తను, ఎండబెట్టేది తను, పొయ్యి దగ్గర కళ్ళు కాయలు కాసేలా కూర్చునేది తను. పొట్లం చేతికిచ్చింది కాబట్టి హస్తవాసి దానిదట. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే కదా.

మొగుడికి చెప్పుకుంటే, లేతు మిషన్ దగ్గర పగలంతా చెవులు చిల్లులు పడి వచ్చిన మనిషి, "ఇంకొంచెం గట్టిగా చెప్పు," అన్నాడు. గట్టిగా చెప్పే సంగతా అది? ఊరందరికీ నిద్ర అమ్మే ఇంట్లో ఆవిడకి మాత్రం కంటి మీద కునుకు లేకుండా పోయింది.

అసలు భయం వేరే ఉంది. అత్తగారికి చూపు మందగిస్తోంది. సీసా మీద చీటీ ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ కనబడటం లేదు. కొట్టు తాళంచెవి ఇవాళో రేపో ఓ కోడలి చేతికి వెళ్ళాలి. ఆ తాళంచెవి తనదేనని పెద్దకోడలు కాపరానికొచ్చిన నాటినుంచీ అనుకుంటోంది. అది కాస్తా నవ్వులమారి చేతిలో పడితే తను జన్మంతా వంటింట్లో పాకం కలుపుతూ ఉండాల్సిందే. ఇదే ఆవిణ్ణి తినేస్తున్న పురుగు.

ఆ ఏడు అత్తగారు కొత్త పద్ధతి పెట్టింది. గంపావిడ తెచ్చిన నిద్రాకు మోపుని రెండు చేసి, "ఎవరి వాటా వాళ్ళు ఏరుకోండి, ఎండబెట్టుకోండి, ఎవరి మందు వాళ్ళు చెయ్యండి. ఇద్దరి చెయ్యీ చూస్తాను," అంది. గంపావిడంటే పట్టాల వెంట తిరిగి ఆకులు కోసుకొచ్చే మనిషి, అత్తగారికి పాత స్నేహితురాలు.

పెద్దకోడలు తన వాటా చాటలోకి ఎత్తుకుంది. లోపల మాత్రం భగ్గుమంది. నిన్నగాక మొన్నొచ్చినదానితో నాకు పోటీయా?

ఆకులు ఎండాయి. ఇద్దరూ నలిపి ఎవరి డబ్బాలో వాళ్ళు పోసుకున్నారు. ఓ మధ్యాహ్నం పెద్దకోడలు ఖాళీ చాటలు పట్టుకుని డాబా దిగుతుంటే పెరటి గుమ్మంలో అత్తగారూ గంపావిడా మాట్లాడుకుంటున్నారు. తన పేరు వినబడి మెట్ల మీదే ఆగిపోయింది.

"పెద్దకోడలి పని ఇక అయిపోయిందే. ముదిరిపోయింది," అంటోంది అత్తగారు.

"వద్దంటావా అయితే?"

"ఇంకెందుకది? నోట పెడితే చేదు, వెనకంతా ముళ్ళు. చిన్నకోడలైతే మెత్తన. ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. ఇక నాకు అదే చాలు."

గంపావిడ పకపకా నవ్వింది. "సరే తల్లీ, నీ మాటే కానీ."

పెద్దకోడలు చాటలు చప్పుడు కాకుండా మెట్టు మీద పెట్టి, గోడకానుకుని కూర్చుండిపోయింది. ముదిరిపోయిందట. వెనకంతా ముళ్ళట. కళ్ళనీళ్ళు రాలేదు, మంట వచ్చింది. ఎదురుపడి అడిగుంటే ఒక్క మాటతో తీరిపోయేది. అసూయ ఉన్నచోట అడగడం ఉంటుందా? ఈవిడకి విన్నదే వేదం.

మర్నాటినుంచీ వంటింట్లోకి వచ్చే కూరాకులో గుప్పెడు గుప్పెడు తీసి దాచింది. ఆ నున్నటి ఆకు, కూరకి పనికొచ్చే ఆ రెండో ఆకే. అటక మీద పాత పేపరు పరిచి ఎండబెట్టింది, నలిపింది. నలిపాక చూడ్డానికి ఈనెలుండవు, ముళ్ళుండవు, ఏదేదో దేవుడికి కూడా తెలియదు. చిన్నకోడలు సరుకు తేవడానికి బజారుకెళ్ళిన పూట దాని డబ్బా ఖాళీ చేసి ఇది పోసేసింది. అసలు ఆకుని తన డబ్బాలో కలిపేసుకుంది. ఆకు దగ్గర ఏనాడూ తప్పు చెయ్యని చెయ్యి మొదటిసారి తప్పు చేసింది, అదీ తెలిసి.

రెండు మందులూ తయారయ్యాయి. ఎదురింటి దర్జీకి భార్య పోయినప్పటినుంచీ నిద్ర లేదు. అత్తగారు ఆయన్ని పిలిచి, "ఈ వారం పెద్దమ్మాయి మందు తాగండి, పై వారం చిన్నమ్మాయిది. ఎలా ఉందో దాచకుండా చెప్పండి," అంది.

మొదటి వారం అయ్యాక దర్జీ వచ్చాడు. "నిద్ర పట్టిందండీ. పొద్దున తల కొంచెం దిమ్ముగా ఉంది గానీ, పట్టింది." అంతే అన్నాడు.

రెండో వారం చిన్నకోడలు మందు చేతికిస్తూ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, "మీ ఆవిడ కుట్టేవాళ్ళా మీతోపాటు?" అని అడిగింది. కాజాలన్నీ ఆవిడే కుట్టేదని మొదలుపెట్టిన మనిషి, వెనక నలుగురు వచ్చి నిలబడేదాకా లేవలేదు. వారం తిరిగాక మొహం తేటపడి వచ్చాడు. "అమ్మగారూ, మీ చిన్నమ్మాయి మందు బ్రహ్మాండం. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే లేచాను. నాకిక ఇదే ఇప్పించండి."

పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. కూరాకు నీళ్ళకి నిద్రపోయాడట! నోరు విప్పి అది మందే కాదని అరవాలనుంది. అరిస్తే నీకెలా తెలుసంటారు. మింగలేక కక్కలేక రెండు రోజులు తిరిగింది. మూడో రోజు ఇక ఉండబట్టలేక, గిన్నెలు తుడుస్తూ ఏమీ ఎరగనట్టు అంది: "చిన్నదాని పాకం మరీ పల్చగా ఉన్నట్టుంది అత్తయ్యా. ఓసారి నాలిక మీద వేసుకు చూడండి."

అత్తగారు చెంచా కొసతో తీసి నాలిక మీద రాసుకుంది. మరోసారి రాసుకుంది.

"చేదేదీ?" అంది. "చిన్నమ్మాయ్, ఇలా రా. ఇది నిద్రాకు కాదే."

చిన్నకోడలు కూడా నాకి చూసింది. మొహం పాలిపోయింది. "గంపలో కూరాకు కూడా కలిసొస్తుంది కదత్తయ్యా. నేను తిప్పే చూశాననుకున్నాను. మాటల్లో పడి చూడలేదేమో."

అదిగో, అక్కడ పెద్దకోడలు అనుకోనిది జరిగింది. డబ్బా ఎవరైనా మార్చారేమోనన్న మాటే ఆ పిల్లకి తట్టలేదు. దర్జీ మొహం చూడలేనని, మందు అని చెప్పి ఆకునీళ్ళిచ్చానని, బల్ల కింద కూర్చుని ఏడ్చింది.

"ఏడవకు. ఈసారి కూరాకు కాబట్టి సరిపోయింది," అంది అత్తగారు. "ఇంకోసారి ఇంకేదైనా అయితే మనిషి ప్రాణం మీదికొస్తుంది. ఇకనుంచీ నువ్వు ఆకు ముట్టొద్దు. సీసాలు కడుగు, పొయ్యి చూసుకో."

ఆ సాయంత్రమే అత్తగారు తాళంచెవి తీసి పెద్దకోడలి అరచేతిలో పెట్టింది. "ఈ పోటీ నీకోసం కాదు. దానికి చెయ్యి కుదిరిందో లేదో చూద్దామని పెట్టాను. తాళం నీకేనని ఎప్పుడో అనుకున్నాను. ఆకుకి నువ్వు, మాటకి అది ఉంటారనుకున్నా. ఇక రెండూ నువ్వే చూసుకోవాలి."

ఎప్పుడో అనుకుందట. మరి మెట్ల మీద విన్నదేమిటి? పెద్దకోడలికి పాలుపోలేదు. అడగనూ లేదు. కోరుకున్నది చేతికొచ్చాక ఎవరు తవ్వుకుంటారు?

తాళంచెవి వచ్చింది గానీ నిద్ర రాలేదు. బల్ల వెనక తను కూర్చుంటే, వచ్చినవాళ్ళు మందు తీసుకుంటూ లోపలికి మెడ సాచి, "చిన్నావిడ లేదా?" అనేవాళ్ళు. దర్జీ అసలు మందు తీసుకెళ్ళి, "పనిచేస్తోంది గానీ అది వేరమ్మా," అని నసిగేవాడు. లోపల సీసాల చప్పుడు వినబడేది. నవ్వు వినబడేది కాదు. ఇదివరకు ఆ నవ్వంటే ఒళ్ళు మండేది. ఇప్పుడు అది లేకపోయినా మండుతూనే ఉంది.

మళ్ళీ నిద్రాకు కాలం వచ్చింది. గంపావిడ పెరట్లో గంప దించింది. పెద్దకోడలు పీట వేసుకుని ఏరుతుంటే చిన్నకోడలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి దూరంగా నిలబడింది.

"అక్కా, కోప్పడనంటే ఓ మాట. నాకు మొదటినుంచీ మళ్ళీ నేర్పవా? అత్తయ్య నిన్నడగమన్నారు."

కాదనడానికి కారణం దొరకలేదు. "కూర్చో," అంది పెద్దకోడలు.

ఆ పిల్ల గంపలోంచి ఓ ఆకు తీసి తిప్పింది. వెనక ఈనె మీద వేలు నడిపింది. మళ్ళీ నడిపింది. తన వేలిని తనే నమ్మలేక పైకెత్తి చూపించింది.

"అక్కా, ఇది పెద్దకోడలేనా?"

పెద్దకోడలి చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావ్?"

గంపావిడ నవ్వేసింది. "చిన్నావిడకి చెప్పింది నేనేలే తల్లీ. మీ అత్తా నేనూ పెట్టుకున్న పేర్లవి. ముళ్ళున్నది పెద్దకోడలు, కూరకొచ్చే మెత్తటిది చిన్నకోడలు. నీ ముందంటే ఏమనుకుంటావోనని గుట్టుగా అనుకునేవాళ్ళం. పోయినేడు కూడా చూడు, పెద్దకోడలు ముదిరిపోయింది, ఇక కూరకి చిన్నకోడల్ని తెచ్చిపెట్టమంది."

ఆకునీ అది అంటాం, ఆడదాన్నీ అది అంటాం. ఆ ఒక్క మాట మెట్ల మీద నిలబడి వింది పెద్దకోడలు.

"ఎవరు పెట్టారు ఆ పేర్లు?" అని అడిగింది.

"ఇంకెవరు, మీ అత్తే. ముళ్ళుంటే ఉన్నాయి, మందుండేది దాన్లోనే కదే అనేది."

అప్పుడైనా చెప్పేస్తే పోయేది. ఎదురుగా చిన్నకోడలుంది, నడుముకి తాళంచెవి ఉంది, నోరు మాత్రం రాలేదు. ఆ పిల్ల ఇంకా ఆకు అలాగే పట్టుకుని ఉంది.

"చెప్పక్కా. మళ్ళీ తప్పు చేస్తానేమోనని భయంగా ఉంది."

పెద్దకోడలు ఆకు అందుకుని వెనక్కి తిప్పింది. కాయ కాసిన బొటనవేలు ఈనె మీద నడిపింది. అంత కాయలోనూ ముల్లు దిగింది.

"ఆ," అంది. "పెద్దకోడలే."