కపితోలినా ఏడు గంటలు

ఉస్సూరిస్క్ దాటగానే బోగీ చూసుకునే పిల్ల స్నెజానా వచ్చి దుప్పట్లు ఇచ్చెయ్యమంది. కపితోలినా యెగోరొవ్నాకు ఒళ్లు మండింది.

"పొద్దున్నే పక్క పీకేస్తావా? సాయంత్రం దాకా ఈ ముసలిది బోడి చెక్క మీద పడుండాలా? మా రోజుల్లో నీలాంటిదాన్ని దారిలో చితా స్టేషన్లోనే దింపేసేవాళ్లు!"

"సాయంత్రమేమిటి పిన్నిగారూ? పదకొండుకల్లా వ్లాదివొస్తోక్‌లో ఉంటాం."

"పదకొండు మాస్కోలో! ఇక్కడికి ఏడు కలుపుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఈ దారిలో నీలాగే టీ గ్లాసులు మోశాను. నాకు చెప్పొచ్చావా!"

ఆమె కోపంలో అన్యాయమేమీ లేదు. ఆ దేశంలో రైళ్లు తరతరాలుగా మాస్కో గడియారాన్నే నమ్ముకున్నాయి. ఇర్కుత్స్క్ స్టేషన్లో జనం మధ్యాహ్నం చేపల పులుసు తాగుతుంటే, నెత్తిమీది గడియారం ఇంకా ఉదయం ఎనిమిదే అనేది. సూర్యుడు ఎక్కడ పొడిచినా సరే, రాజధాని లేచాకే తెల్లవారినట్టు. ఇదేం న్యాయమని ఎవరూ అడగలేదు. గంటలు కూడుకోవడం నేర్చుకున్నారు, అంతే. సిపాయిలకూ, బాలింతలకూ, తాగుబోతులకూ ఆ కూడిక చేసిపెట్టడమే కపితోలినాకు సగం ఉద్యోగం. విడాకుల కాగితం మీద సంతకం పెట్టిన వేళ కూడా ఆమెకు మాస్కో లెక్కలోనే గుర్తు.

ఆమె ఉద్యోగం మానేసి వ్యాత్కా వైపు చెల్లెలింటికి చేరిన మరుసటేడు, ఆగస్టులో, ఆ పద్ధతి ఎత్తేశారు. ఏ ఊరి టికెట్టు మీద ఆ ఊరి వేళే వేస్తున్నారు. వ్యాత్కాలో ఎలాగూ మాస్కో వేళే గనుక, ఆ సంగతి ఆమెదాకా రాలేదు.

కొడుకు రొదియోన్ చేపల ఓడలో మెకానిక్. వాణ్ని చూసి మూడేళ్లయింది. బయల్దేరేముందు ఫోన్ చేసి, "శనివారం సాయంత్రం ఆరింటికి దిగుతాను" అంది.

"మా ఓడ రెండింటికే వెళ్లిపోతుందమ్మా. మళ్లీ నాలుగు నెలలకే రావడం. తాళంచెవి పక్కింట్లో ఇస్తాను, నువ్వుండు" అన్నాడు వాడు.

అప్పట్నుంచీ, ఆరు రోజులూ, ఆమె ఆ ఓడ కెప్టెన్‌ని తిడుతూనే ఉంది. "తల్లి కోసం నాలుగు గంటలు ఆగలేడా? చేపలు పారిపోతాయా? వాడికీ ఓ తల్లి ఉండే ఉంటుందిగా!" ఎదుటి బెర్తులో తేనెటీగలు పెంచే ఫొమా లుకిచ్ మూడోనాడు, "మనం చేరేది పొద్దున్నే కదూ, అమ్మగారూ" అని గొణిగాడు. "నీ ఈగల సంగతి చూసుకో" అంది. మళ్లీ నోరెత్తలేదాయన.

ఇప్పుడాయన కళ్లద్దాలు పెట్టుకుని, ఆమె టికెట్టు తీసుకుని, అడుగున ఉన్న చిన్న అక్షరాలు పైకి చదివాడు. "స్థానిక కాలం."

కపితోలినా దాన్ని లాక్కుని రెండుసార్లు చదివింది. పక్కమీద చతికిలబడింది. మరుక్షణం లేచింది.

"నాకో ముక్క చెప్పకుండా వేళ మార్చడానికి వీళ్లెవరు? ముప్పై ఒక్క ఏళ్ల కూడిక నా బుర్రలోంచి ఎవడు తీస్తాడు?"

ఫోన్ అందుకుంది. పదకొండుకే దిగుతున్నానని రొదియోన్‌తో చెప్పింది. "రేవు గేటు దగ్గరికి రా అమ్మా. పన్నెండింటికి సరిహద్దు కాపలావాళ్లు తనిఖీకి ఎక్కుతారు. ఆ తర్వాత ఎవర్నీ దిగనివ్వరు."

ఊరు కనిపిస్తుండగా, సముద్రపు పాయ పక్కన, రైలు ఆగింది. ఎర్ర దీపం. పది నిమిషాలు. ఇరవై. ఆమె నడవాలో అటూ ఇటూ తిరుగుతూ దీపాన్నీ, డ్రైవర్నీ, అతని వంశాన్నీ కడిగిపారేసింది. స్నెజానా ఆమె సంచులు తలుపు దగ్గర పెట్టింది.

దిగేసరికి పదకొండూ ఇరవై అయిదు. వద్దన్నా వినకుండా ఫొమా లుకిచ్ బరువు సంచి అందుకుని, వంతెన ఎక్కి, రేవుదాకా రొప్పుతూ వచ్చాడు. గేటు దగ్గరకు చేరేటప్పటికి పన్నెండుకు పది నిమిషాలుంది. రొదియోన్ నూనె మరకల కోటుతో పరిగెత్తుకొచ్చాడు.

ముద్దు పెట్టుకోలేదామె. కాలరు పట్టుకుంది. "పదకొండేళ్లుగా ఇక్కడే చస్తున్నావు! ఏ రైలు ఎప్పుడొస్తుందో తెలీదూ? నేను ఆరంటే ఎలా నమ్మావురా?"

"నమ్మలేదు. వెంటనే చూశాను. పదకొండనే ఉంది."

"మరి చెప్పవేం?"

"రైళ్ల సంగతిలో నీకు ఎదురు చెప్పి బతికినవాణ్ని నేనెప్పుడూ చూడలేదమ్మా. మళ్లీ ఫోన్ చేద్దామనుకున్నాను. ధైర్యం చాల్లేదు."

వెనక ఫొమా లుకిచ్ దగ్గాడో, నవ్వాడో. ఓడ మీంచి ఎవరో రొదియోన్‌ని పేరుపెట్టి అరిచారు.

"ఉండవోయ్!" అని అటు కేకేసి, ఆమె కొడుకు కోటు బొత్తాలు కిందినుంచి ఒక్కొక్కటే పెట్టడం మొదలెట్టింది. వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు.