నా ఖాళీ షీట్లు, ఆమె ముద్రలు

వేసుకుంటున్నాను బిడ్డా, బీపీ గోలీ రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతావు కాబట్టి ఈ సంగతి కూడా చెబుతాను.

గద్వాలలో మా వీధి చివర మందుల షాపాయన వాళ్లమ్మ గోలీలు మానేసి చనిపోయింది. ఇంకెవరికీ అలా కాకూడదని ఆయన ఒక కార్డు పెట్టాడు. గోలీలు సర్కారు దవాఖానలో తెచ్చుకున్నా సరే, మింగేసిన ఖాళీ షీటు తెచ్చి ఇస్తే కార్డు మీద ఒక ముద్ర. పన్నెండు ముద్రలకు కుక్కర్.

పక్కింటి వదిన చీరలు నేసేది. మగ్గం కింద గుంతలోకి కాళ్లు దించి కూర్చుంటే భోజనం దాకా లేవదు. ఆమెకూ నాకూ ఒకే గోలీలు. ఆమెవి మాత్రం నిండు షీట్లుగానే మగ్గం పక్కన డబ్బాలో పడి ఉండేవి. ఎందుకు వేసుకోవని అడిగాను.

"అది ఏస్కుంటె గంట గంటకు ఒంటికి పోవాలె వదినా. గుంతలకెల్లి లేసుడు, దిగుడేనా నా పని? నీ ఖాళీ షీట్లు నాకియ్యరాదు!"

"మింగేది నేను, కుక్కర్ నీకా?"

"నువ్వు మింగితే నాకు తగ్గదా ఏంది? గంత పరాయిదాన్నా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఇచ్చాను.

షాపాయన అందరికీ ఆమె కార్డే చూపించేవాడు. "ఈ పెద్దమ్మను చూసి నేర్చుకోండ్రి." దవాఖానలో డాక్టరమ్మ కూడా ఆ కార్డు చూసి, రోజూ వేసుకున్నా తగ్గడం లేదని ఇంకో గోలీ రాసింది. అదీ డబ్బాలోకే పోయింది. అప్పటికే వదిన తల పట్టుకుని కూర్చునేది. అంచు దగ్గర పోగులు రెండుగా కనిపిస్తున్నాయని కళ్లు నులుముకునేది. డాక్టరమ్మకు చెప్పేద్దామనుకున్నాను. వదిన ఇంకా రెండే ముద్రలు కావాలంది. ఆ రెండు షీట్లూ ఇచ్చాను.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. లేచి ఉంటుందిలే అనుకున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది. వదిన మధ్యలో లేవదు కదా. వెళ్లి చూస్తే చీర మీదికి వాలిపోయి ఉంది. మూతి ఒక పక్కకు పోయింది.

దవాఖానలో వదిన కోడలు కార్డు తీసి డాక్టరుకు చూపించింది. "రోజు ఏస్కుంటది సార్, ఇగో, ముద్రలన్ని నిండినయ్."

"ఏస్కోలేదు సార్. ఆ షీట్లు నావి" అన్నాను.

కోడలు నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నన్ను పలకరించలేదు.

వదిన మూడు రోజులు బతికింది. మాట లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. కోడలు బయటికి వెళ్లినప్పుడు వదిన చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాను. వేళ్లు కొంచెం కదిలాయి, అంతే.

"నేను ఇయ్యకపోతే మింగుతుంటివా వదినా?"