మధ్యలో మనిషి

చావింట్లో నవ్వులు పూయించి కూడా నడుం విరక్కుండా ఇంటికి చేరిన ఫోటోగ్రాఫర్ని మీరు చూసి ఉండరు. ఆ ఘనత నాది.

నాకు లెక్కలంటే పిచ్చి. బళ్ళో నేర్చినవి కావు, సొంతంగా పట్టుబడినవి. జగ్గయ్యపేటలో స్టూడియో నడిపే కోటయ్య గారు అందుకే నన్ను శిష్యుడిగా చేర్చుకున్నారు. ఆయన మొదటి పాఠం ఇది: "నొక్కేముందు మనుషుల్ని లెక్కపెట్టరా. ముగ్గురుంటే తియ్యమాక. మధ్యలోవాళ్ళు పోతారని జనం భయం. రేపు ఆ మనిషికి జలుబు చేసినా మన మీదికే వస్తారు."

ఆయన జ్వరంతో పడుకున్న రోజున నందిగామ నుంచి కబురొచ్చింది. అక్కడో పెద్దాయన పోయాడు. పొలం గట్టు తగాదాతో ఆయన కొడుకులిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. తండ్రి పక్కన ఇద్దరూ నిలబడితే ఒక్క ఫోటో ఉంచుకుంటానని తల్లి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడింది.

"శవం లేవకముందే తియ్యి. మళ్ళీ వాళ్ళు కలవరు" అని గురువుగారు కెమెరా నా మెడలో వేశారు.

తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టారు. చెరోపక్కా కొడుకులు గుంజల్లా నిలబడ్డారు. బయట పాడె సిద్ధం. నేను కెమెరాకు కన్ను ఆనించి, అలవాటుగా లెక్కపెట్టాను. కెమెరా దించేశాను.

"అమ్మా, ఇంకొకరు రావాలండి."

"ఎందుకు బాబూ?"

"ముగ్గురయ్యారండి. మధ్యలో ఆయనకి మంచిది కాదు."

డప్పు కూడా ఆగిపోయింది. ఆ తల్లి నోటికడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"ఇంక ఆయనకేం అవుద్ది నాయనా? ఇంకోసారి పోతాడా?"

పెద్దకొడుకు ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. చిన్నవాడు అన్న మొహం చూశాడు. అంతే! తండ్రి తలమీదుగా ఒకరి భుజం ఒకరు పట్టుకుని పడీపడీ నవ్వారు. కంగారులో నా వేలు నొక్కేసింది.

"వీణ్ణి కూడా పాడె ఎక్కించండ్రా!" అని ఎవరో అరిచారు. బస్టాండు దాకా నేను వెనక్కి చూస్తే ఒట్టు.

ఫోటో చూసి గురువుగారు తల పట్టుకున్నారు. "పద్ధతిగా ఉన్నది పోయినాయనొక్కడేరా!"

పెద్దకర్మ నాటికి అన్నదమ్ములకు మళ్ళీ మాటల్లేవు. తల్లి మాత్రం ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంది. ఇద్దరూ కలిసి ఉన్నది ఆవిడకు అదొక్కటే.

పోయిన వేసవిలో గురువుగారు కన్నుమూశారు. ఆఖరి ఫోటోకి ఆయన్నీ కుర్చీలో కూర్చోబెట్టారు. "కొడుకులాంటివాడివి, ఇటు కూర్చో" అని ఆయన భార్య నన్ను పిలిచారు. ఆయనకు ఆ పక్క ఆవిడ, ఈ పక్క నేను. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి కెమెరా ఎత్తి, మళ్ళీ దించింది.

"సార్... ముగ్గురయ్యారండి."

నేను గురువుగారి మొహం వైపు ఒకసారి చూశాను.

"సరిగ్గా చూడమ్మా. ఇద్దరమే ఉన్నాం. తియ్యి."

ఇక బొందిలో ప్రాణం ఉండగా చావింట్లో మనుషుల్ని లెక్కపెట్టనని కెమెరా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను.