సుభద్ర మేడమ్ ఎర్ర చుక్క

మొన్న శనివారం కాల్గరీలో ఒక తుపాకుల షాపుకి వెళ్ళాను. పక్క కౌంటర్ దగ్గర ఎవరో అమ్మాయి రెడ్ డాట్ మర తిప్పి చూస్తోంది. టిక్, టిక్, టిక్. రెడ్ డాట్ అంటే రైఫిల్ మీద బిగించే, అరచేతిలో పట్టేంత గొట్టం. అందులోంచి చూస్తే ఎర్రటి చుక్క కనిపిస్తుంది. ఆ చుక్కను గురి మీద నిలిపి ట్రిగ్గర్ నొక్కడమే. "ఆ ధరకి వచ్చేదంతా చెత్తే, అనుభవమున్నవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు" అంటున్నాడు అమ్మేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముట్టుకున్న మనిషి నాకు తెలుసు. వీడు పుట్టకముందే వందలమంది ఆడపిల్లల చేత రైఫిల్ పట్టించిన మనిషి. ఆవిడ పట్ల ఈ ఊళ్ళో ఏం జరిగిందో, అందులో నేనేం చేశానో, ఇన్నాళ్ళూ ఎవరికీ రాయలేదు.

సుభద్ర మేడమ్ కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పేవారు, ఎన్‌సీసీ ఆఫీసరుగానూ చేశారు. కాల్గరీ వచ్చాక ఆ డిగ్రీలూ ఆ యూనిఫామూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. బట్టల షాపులో గుడ్డ కత్తిరించే పని దొరికింది. మా వీధిలోనే ఉండేవారు. పొరపాటున ఆంటీ అన్నానా, "నేను నీకు ఆంటీనేంటే? మేడమ్‌ని" అని కసిరేవారు. ఊరి బయట షూటింగ్ క్లబ్బులో, ఆదివారం పొద్దున్న, కొత్తగా చేరే ఆడవాళ్ళకి ఆవిడ క్లాసు. పైసా జీతం లేదు. "ఈ దేశంలో నన్ను టీచర్ అని పిలిచేది ఆ రెండు గంటలేనే" అన్నారొకసారి. నన్నూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. మనవాళ్ళు ఊరుకుంటారా? ఓ పుట్టినరోజు పార్టీలో ఒకాయన "ఆడవాళ్ళకి తుపాకులెందుకండీ, పోపులపెట్టె చాలదూ?" అని ఇకిలించాడు. మేడమ్ తాపీగా, "మీ ఆవిడ పోయిన వారమే పేరు రాయించుకుందండీ, మీతో చెప్పలేదా?" అన్నారు. ఆయన ప్లేటు పట్టుకుని అవతలికి జారుకున్నాడు.

అరవై దాటాక రైఫిల్ కొసన ఉండే సన్నటి ఇనుప గురి ఆవిడ కళ్ళకి మసకబారింది. రెడ్ డాట్ వాడక తప్పలేదు. నలుగురం కలిసి ఖరీదైనదే కొనిస్తామన్నాం. "నీ మొహం! క్లాసుకొచ్చే పిల్లలు పార్ట్‌టైమ్ చేసుకుంటూ చదువుకుంటున్నారు. వాళ్ళు కొనగలిగింది నేను వాడి చూపించకపోతే ఇంక నేర్పడమెందుకే?" అన్నారు. చౌకవి మూడు తెచ్చి, ఇక్కడి చలికి ఆగుతాయో లేదో చూద్దామని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, రెండు రోజులు ఫ్రీజర్లో పెట్టారు. ములక్కాడ ముక్కల పక్కన ఒకటి, గోంగూర మీద రెండు. బయటికి తీయగానే ఒకదానికి అద్దం లోపల ఆవిరి పట్టేసింది. రెండోదానికి పది గుళ్ళు పేల్చేసరికి గురి పక్కకి జరిగింది. మూడోది ఎండా వానా తెలియనట్టు కూర్చుంది. "పెట్టె మీద రాతలు చదివి కొనేవాడు పెళ్ళిచూపుల్లో చీర చూసి పిల్లని ఒప్పుకునే రకం" అన్నారు మేడమ్, దాన్ని బిగిస్తూ.

అయితే అందులో చుక్క ఆవిడకి గుండ్రంగా కాక, తోక ఉన్నట్టు కనిపించింది. ఆ మాట క్లబ్బు కమిటీ పెద్ద గ్యారీ చెవిన పడింది. గొట్టంలోకి తొంగి చూసిన పాపాన పోలేదు, "చౌక సరుకు, ఇంకేమవుతుంది?" అని అందరి ముందూ నవ్వాడు. నిజం చెప్పొద్దూ, నేనూ సరుకుదే తప్పనుకున్నాను. మేడమ్ నా ఫోన్ అడిగి, కెమెరాని ఆ గొట్టానికి ఆనించి ఫోటో తీయించారు. ఫోటోలో చుక్క చక్కగా గుండ్రంగా ఉంది. "సరుకు నిక్షేపంలా ఉందే. వంకర నా కంట్లో ఉంది" అని పకపకా నవ్వారు. ఆ వారమే కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి అద్దాలు మార్పించుకున్నారు. తోక పోయింది. తరువాతి ఆదివారం గురి అట్ట మీద ఆవిడ కాల్చిన అయిదు గుళ్ళ రంధ్రాల మీద డాలరు బిళ్ళ పెడితే అన్నీ కప్పుకుపోయాయి. ఆ అట్ట నేనే దాచుకున్నాను. ఆవిడ మాత్రం ఉన్నదున్నట్టు గ్యారీకి చెప్పారు, తప్పు నా కంటిదే, సరిచేయించుకున్నాను అని.

అతగాడు అందులో సగమే విన్నాడు. నెల తిరక్కుండా మీటింగు పెట్టి, "కళ్ళు బాగా లేవని ఆవిడే ఒప్పుకుంది. పైగా ఆ బొమ్మ సామాను చూపించి క్లబ్బు పరువు తీస్తోంది. ఆ క్లాసేదో వయసులో ఉన్నవాళ్ళకి ఇద్దాం" అంటూ నా వైపు తిరిగాడు. కమిటీలో నేను కొత్త. మేడమ్ ఎదురుగానే కూర్చుని ఉన్నారు. కొత్త కళ్ళద్దాలు తీసి చూపించబోతే, "తరువాత మాట్లాడదాం" అని ఆపేశాడు. ఫోటో నా ఫోన్లో ఉంది, అట్ట నా బ్యాగులో ఉంది. అన్నీ ఉన్నాయి, నోరు తప్ప! "ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు. నేను బల్ల వంక చూస్తూ కూర్చున్నాను. క్లాసు నాకిచ్చారు. తీసుకున్నాను.

కారులో మేడమ్ అడిగారు. "భయపడ్డావా?"

"కాదు మేడమ్, సందర్భం చూసి..."

"అబద్ధాలాడకే. భయపడ్డావు. పోనీ, ఆ క్లాసు నాకొద్దనైనా అనలేకపోయావా?"

నా మొదటి క్లాసుకి ఎనిమిదిమంది వచ్చారు. తొమ్మిదో మనిషిగా మేడమ్ వచ్చి, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కాగితం మీద పేరు రాసి, ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడ పాఠమే, ఆవిడ మాటల్లోనే, ఆవిడకే ఒప్పజెప్పాను. చివర్న ఆవిడ చెయ్యెత్తి, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అడిగారు. "టీచర్, ఇవన్నీ మీకెవరు నేర్పారు?"

"మీరే" అన్నాను. ఇక ఆగలేదు. ఫోటో చూపించాను, అట్ట చూపించాను, మీటింగులో నేను నోరు మూసుకున్న సంగతీ చెప్పాను. తలుపు దగ్గర నిలబడ్డ గ్యారీ "ఇదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు. "అప్పుడు చెప్పలేదు కనక" అన్నాను. ఆ రోజే క్లాసు వదులుకున్నాను. ఆవిడకి తిరిగిస్తారనుకున్నాను, పిచ్చిదాన్ని. ఏకంగా ఎత్తేశారు. మేడమ్ సర్రీ అనే వేరే ఊరికి వెళ్ళిపోయారు. అక్కడా బట్టల షాపే. నిరుడు పోయారు. ఫోన్ చేసినప్పుడల్లా బాగానే మాట్లాడేవారు. క్లాసు మాట మాత్రం ఎత్తేవారు కాదు, ఎత్తడానికి నాకూ ధైర్యం చాలలేదు.

గ్యారీని తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. కాని ఎంత తిట్టుకున్నా ఒక చోట ఆగిపోతాను. గ్యారీకి ఆవిడెవరో తెలియదు. నాకు తెలుసు.