కాపుకొచ్చిన తీగ

బోరుబావి ఎండిపోయి, ఊళ్లో మా ద్రాక్షతోట పోయాక నేను బహ్రెయిన్ వచ్చాను. కర్జకాన్‌లో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం కొత్తగా ద్రాక్ష వేస్తే, పందిరి కట్టి పెంచింది నేనే. తొలికాపు గుత్తులు కనబడగానే, మా ఇంటి అలవాటుకొద్దీ, దిష్టి తగలకుండా ఒక తీగకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను.

అది చూసి కఫీల్ తల్లి కెవ్వున అరిచింది. ఆయన పరుగెత్తుకొచ్చి నా కాలర్ పట్టుకున్నాడు.

"చేతబడి చేస్తున్నావా? పోలీసుల్ని పిలుస్తా!" అని హిందీలో గద్దించాడు.

"చేతబడి కాదు బాబా, తోట మంచికే కట్టిన" అని మొత్తుకున్నా వినలేదు.

"ఖలాస్! పీకెయ్!" అంటూ, గుత్తులతో సహా ఆ తీగను నా చేతనే పీకించాడు.

ఊళ్లో మా తోటనూ ఈ చేతులే పీకాయి. కానీ ఆ తీగలు అప్పటికే ఎండిపోయాయి. ఇది పచ్చగా ఉంది.