ఓబుళరెడ్డి మామ ఎక్కిన మూడంతస్తుల మేడ

మనిషన్నాక సిగ్గుతో తల దించుకోవలసిన సందర్భాలు జీవితంలో కొన్ని వస్తాయి. దేవుడు నా మీద దయతలచి వాటన్నిటినీ ఒకే సాయంత్రం, ఒకే మైదానంలో, నంద్యాల జనమంతా చూస్తుండగా ముగించేశాడు. ఆ తరువాత బతుకు హాయిగానే గడిచింది. ఆ సాయంత్రం ఏం జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ బాధ లేదు. నవ్వినవాళ్లలో మీరు మొదటివాళ్లేమీ కాదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నేను మద్రాసులో ఒక సినిమా స్టూడియోలో సెట్లకు రంగులు వేసే పనిలో కొంతకాలం ఉండి, ఆ పని పోయి, నంద్యాలకు తిరిగొచ్చాను. పని పోయిందని ఎవరికీ చెప్పలేదు. "సెలవు మీద వచ్చినా" అన్నాను. ఆ సెలవు ఎంతకూ అయిపోకపోయేసరికి మా నాన్న నన్ను చూసే చూపు, మేత మేయడం తప్ప కాడి కిందికి రాని ఎద్దును చూసే చూపులా మారింది.

అప్పుడు నన్ను పిలిపించినవాడు ఓబుళరెడ్డి మామ. మా అమ్మకు దూరపు అన్న వరస. శనక్కాయల నూనె మిల్లు యజమాని. తాటిచెట్టంత పొడుగు, గాదెంత వెడల్పు, ఆ పైన ఒక తలపాగా. ఆయన లోపలికి వస్తే గదిలో ఉన్నవాళ్లు మర్యాద కోసం కాదు, చోటు కోసం లేచేవాళ్లు.

శివరాత్రికి మహానంది పోయే జనం మా ఊరి మీదుగానే పోతారు కాబట్టి, ఆ రోజుల్లో నంద్యాలలో ఒక వస్తుప్రదర్శన పెట్టాలని ఊరి పెద్దలు అనుకున్నారు. దానికి మామే అధ్యక్షుడు.

"రేయ్ శేషూ, మద్రాసులో రాజుల మేడలు కడతాండావంట గదా. మనకూ ఒకటి కట్టురా. మూడంతస్తులది. వచ్చినోళ్లు నోళ్లు తెరుచుకొని సూడాల."

"కడతా మామా. సామాను ఏమిస్తావు?"

"మిల్లులో పాత గోనెసంచులు ఉండాయి. కాసిని వెదురుబొంగులు ఉండాయి."

"ఇంకా?"

"ఇంకా ఏందిరా? నీ చేతులు నీకుండాయి గదా! ఇది బాగా చేసినావంటే బజార్లో నాది కొట్టుగది ఒకటి ఖాళీగా ఉండాది. దాంట్లో బోర్డులు రాసే అంగడి పెట్టుకో. చెయ్యలేదా, మిల్లుకొచ్చి మూటలెత్తు."

మూటలు అనగానే నా భుజాలు వాటంతట అవే కిందికి జారాయి. అప్పట్లో నేను ఎంత బక్కగా ఉండేవాణ్ణంటే, శనక్కాయల మూటా నేనూ పక్కపక్కన నిలబడితే మూటనే ముందు పలకరించేవాళ్లు. కాబట్టి మేడే కట్టాలి.

గోనెసంచులతో మూడంతస్తులు లేస్తాయా అని మీరు అడగవచ్చు. లేవవు. కానీ లేచినట్టు కనిపిస్తాయి. మద్రాసులో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. కింది అంతస్తును మామూలు కొలతలోనే కడతాం. మనిషి దూరేంత వాకిలి పెడతాం. నడిమి అంతస్తును అందులో సగం చేస్తాం. పై అంతస్తును ఆ సగంలో సగం చేస్తాం. కిటికీలూ అంతే: కిందవి మనిషంత, నడిమివి చాటంత, పైది టెంకాయ పట్టేంత. గోడ మీద గీసే ఇటుకలు కూడా పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. రంగు కూడా కింద ముదురుగా ఉండి, పైకి పోయేకొద్దీ మంచు పట్టినట్టు పలచబడుతుంది. కిందినుంచి చూసే కన్ను ఇవన్నీ ఒకే కొలతవి అనుకుంటుంది. "పై కిటికీ ఇంత చిన్నగా కనిపిస్తోందంటే అది ఎంత ఎత్తున ఉందో!" అని తనకు తానే లెక్క కట్టుకుని మోసపోతుంది. మనం మోసం చేయనక్కరలేదు. కన్నే ఆ పని చేసిపెడుతుంది.

వెదురు కట్టడానికి నా చిన్ననాటి స్నేహితుడు దస్తగిరి వచ్చాడు. ఇద్దరం గోనెపట్టాల మీద కాగితం అంటించి, చింతగింజల జిగురు పూసి, సున్నమూ జాజూ కలిపి రంగులు వేశాం. పై అంతస్తును కింద కూర్చునే విడిగా తయారుచేసి, ఎత్తి కొసన పెట్టి, తాళ్లతో కట్టాం. వెనకవైపు మేము నిలబడి పనిచేయడానికి వెదురు పరంజా ఉండిపోయింది. ముందువైపు మాత్రం దూరంగా తాడు కట్టించి, "రంగు ఆరలేదు, దగ్గరికి రావద్దు" అని ఒక పలక వేలాడదీశాను. ఆ రంగు ఎన్ని ఎండలు కాసినా ఆరలేదు. నేను ఆరనివ్వలేదు.

తాడు దగ్గర నిలబడి చూస్తే, ఎంత గొప్పగా ఉందనుకున్నారు! నాకే నమస్కారం పెట్టాలనిపించింది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు తలలు వెనక్కి వాల్చి చూసేవాళ్లు. ఒకాయన తలగుడ్డ వెనక్కి జారి కిందపడినా తీసుకోలేదు. ఓబుళరెడ్డి మామ కూడా ఆ తాడు దగ్గరే నిలబడి, నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బకు రెండడుగులు ముందుకు పోయాను.

"శానా ఎత్తు లేపినావురా! కొనదాకా ఎక్కొచ్చునా?"

చూడండి, అక్కడే నా బతుకు రెండు దారులుగా చీలింది. "లేదు మామా, అది వట్టి కనికట్టు" అంటే సరిపోయేది. కానీ చుట్టూ పెద్దమనుషులు ఉన్నారు. మద్రాసు నుంచి వచ్చినవాణ్ణి నేను. "ఓ! బ్రహ్మాండంగా ఎక్కొచ్చు" అన్నాను.

మరునాడు ఊళ్లో టముకు వేయించారు. ప్రదర్శన ప్రారంభం నాడు అధ్యక్షులు ఓబుళరెడ్డిగారు మేడ పై అంతస్తు కిటికీలోంచి ప్రజలకు దర్శనమిచ్చి పూలు చల్లుతారట!

దస్తగిరి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, ఇన్నావా? ఆ కిటికీలో ఆయన ముక్కు పడితే గొప్ప! పోయి నిజం చెప్పెయ్."

"చెప్తే మూటలెత్తాల గదా."

"చెప్పకపోతే ఆయన నిన్నే ఎత్తి పారేస్తాడు."

నేను ఆలోచించి ఒక ఉపాయం చెప్పాను. "మామకు మాట్లాడేదంటే పానం. ఉపన్యాసం మొదలుపెట్టిస్తాం. ఆయన ఆపేలోపల పొద్దు గుంకుతాది. చీకట్లో ఎక్కొద్దంటే సరిపాయె."

ఉపాయంలో లోపం లేదు. మామ ఏ పెళ్లిలో నోరు తెరిచినా అన్నం చల్లారిపోవడం మా తాలూకాలో అందరూ ఎరిగిందే. ఆ రోజు మాత్రం ఆయన వేదిక ఎక్కి, జనానికి దండం పెట్టి, "మాటలెందుకప్పా, సూడండి!" అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన క్లుప్తంగా మాట్లాడింది ఆ ఒక్కరోజే. నేను జనంలోంచి తోసుకుని పోయేలోపలే ఆయన పూలబుట్ట చంకన పెట్టుకుని మేడ వెనక్కి పోయాడు.

వెదురు కిర్రుమంది. తరువాత పరంజా మొత్తం కిర్రుమంది. పై కిటికీలోంచి ముందు తలపాగా కొస వచ్చింది. ఆగింది. లోపల ఎవరో గట్టిగా ఊపిరి పీల్చినట్టు మేడంతా ఒకసారి ఉబ్బింది. పర్రుమని గోనె చిరిగి, మామ తలకాయ బయటికొచ్చింది.

మైదానంలో తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. జనం కళ్లకు అది మూడంతస్తుల ఎత్తు మేడ. ఆ మేడలో పై అంతస్తు నిండా ఒక ముఖం. మీసాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్నాయి. అది చాలదన్నట్టు నడిమి అంతస్తు కిటికీల్లో ఆయన పొట్ట కనిపిస్తోంది, ఒక్కో కిటికీలో ఒక్కో ముక్క.

"అయ్యో దేవుడా, రెడ్డి మూడంతస్తుల మనిషప్పా!" అని ఎవరో అరిచారు.

పిల్లలు జడుసుకుని ఘొల్లున ఏడ్చారు. ముందు వరసలో ఉన్న ఒక అవ్వ చేతులు జోడించి, "సామీ, ఈ యేడన్నా వాన కురిపియ్యి సామీ!" అని మొక్కుకుంది.

మామకు లోపలినుంచి ఇవేవీ తెలియవు. జనం కేకలు వినబడి, జేజేలు కొడుతున్నారనుకున్నాడు. ఉత్సాహం వచ్చి ఒక చెయ్యి నడిమి కిటికీలోంచి బయటికి పెట్టి పూలు చల్లాడు. పొట్టలోంచి చెయ్యి మొలిచి పూలు చల్లుతుంటే, అంతవరకు ఏడుస్తున్న పిల్లలు కూడా నోళ్లు మూసుకుని చూశారు.

తల వెనక్కి తీసుకోబోయేసరికి అసలు కష్టం మొదలైంది. తలపాగా అడ్డుపడింది. వెనకనుంచి దస్తగిరి ఆయన కాళ్లు పట్టుకుని లాగుతున్నాడు.

"లాగొద్దురా, మెడ ఊడొస్తాది!"

"నువ్వు వంగు పెద్దాయనా, నువ్వు వంగు!"

పటపటమని తాళ్లు తెగాయి. పై అంతస్తు ఒక్కసారిగా మాయమైంది. కాసేపటికి కింది వాకిలి తెరుచుకుని ఓబుళరెడ్డి మామ బయటికొచ్చాడు. మెడచుట్టూ పై అంతస్తు, పిట్టగోడతో సహా, పంజరంలా వేలాడుతోంది. ఇంతసేపూ ఆకాశంలో ఉందనుకున్న అంతస్తు ఆయన రొమ్ము దాకా కూడా రాలేదు. నా విద్య మొత్తం ఆ మెడలో బయటపడింది. జనం నవ్వారు చూడండి! మహానంది కొండలు కూడా తిరిగి నవ్వినట్టు వినబడింది నాకు.

నేను బొరుగుల అంగడి వెనక నక్కాను.

"రేయ్ శేషూ! యాడుండావురా? ఇట్ల రా!"

పోయాను. చెంప సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. మామ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెయ్యి లేచింది కూడా. సరిగ్గా అప్పుడే జనంలోంచి కేకలు వచ్చాయి: "ఇంకోసారి రెడ్డీ! ఇంకోసారి ఎక్కు!"

లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది. మామ జనాన్ని చూశాడు. వాళ్ల ముఖాల్లో ఎగతాళి లేదు, ఆనందం ఉంది. ఆయన మీసాల కింద ఎక్కడో నవ్వు కదిలి, నెమ్మదిగా చెవుల దాకా పాకింది. ఆ చెయ్యి కిందికొచ్చి నా భుజం మీద పడింది.

"రేపటికి ఆ కిటికీ కొంచెం పెద్దగా కొయ్యిరా. గోనె గీసుకుంటాండాది."

ప్రదర్శన ముగిసేవరకూ ప్రతి సాయంత్రం మామ మేడలోంచి తల బయటపెట్టాడు. వట్టి మేడను చూడడానికి ఎవరూ ఆగలేదు. తల వచ్చే వేళకు మాత్రం మైదానం నిండిపోయేది. బోర్డుల అంగడికి కొట్టుగది తాళం చెవి నా చేతికొచ్చింది. మా నాన్న కూడా నన్ను చూసే చూపు మార్చుకున్నాడు.

చివరి రోజున జమ్మలమడుగు నుంచి కొందరు పెద్దమనుషులు వచ్చారు. తమ ఊరి తిరునాళ్లకు కూడా ఇలాంటిదే కావాలన్నారు. నా రొమ్ము ఉప్పొంగింది. "ఎన్ని అంతస్తులు కట్టమంటారు?" అని అడిగాను.

"నువ్వేం కట్టబల్లేదప్పా. మేడ మావోళ్లు కట్టుకుంటారు," అన్నాడు వాళ్ల పెద్ద. "ఆ తలకాయను మాత్రం మాకు పంపియ్యి."

ఆ క్షణాన, మహానందీశ్వరుడు ఉన్న దిక్కుకు తిరిగి, చెంపలు వేసుకుని ఒట్టుపెట్టుకున్నాను: ఈ చేతులతో ఇక మనిషి ఎక్కాలనుకునేదేదీ కట్టను, బోర్డులు మాత్రమే రాస్తాను. ఈనాటికీ ఆ ఒట్టు తప్పలేదు. నేను రాసిన బోర్డుల్లోంచి ఇంతవరకు ఎవరూ తల బయటపెట్టలేదు.